మీ బాక్సు సంగతి సరే, ముందు మైకులెన్నో చెప్పండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఇంట్లో రికార్డింగ్

ఈ నెల వచ్చిన వాటిల్లో చాలావరకు ఒకటే ప్రశ్న, ఏ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకునీ గిటార్‌నీ కంప్యూటర్‌కి కలిపే బాక్సు) కొనమంటారు అని. కంపెనీ పేరు అడుగుతున్నారు గానీ ఎంతమంది పాడతారు, ఏం వాయిస్తారు, కంప్యూటర్ ఏంది, ఇవేమీ రాయట్లేదు. అవి రాయకుండా అడిగితే మేం మాత్రం ఏం చెప్తాం? వివరంగా రాసినోళ్లవే ముందు తీసుకున్నాం. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊరి పేర్లు మాత్రమే వేస్తున్నాం.

కావలి నుంచి ఒక డిగ్రీ స్టూడెంట్: అన్నా, నేను పాటలు పాడి యూట్యూబ్‌లో పెడుతుంటా. నా దగ్గర ఆన్‌లైన్లో సెట్టుగా వచ్చే వీ8 సౌండ్ కార్డు, దాంతోపాటు వచ్చిన కండెన్సర్ మైకు ఉన్నాయి. పాడేటప్పుడు బానే ఉంటది, రికార్డు అయినాక వింటే వెనకాల స్స్స్ అని ఒకటే సౌండు. ఎడిటింగ్‌లో నాయిస్ రిమూవల్ వేసి తీసేస్తున్నా. షాపులో అడిగితే ఎనిమిది చానెళ్లది తీసుకో, రేపు స్టూడియో పెట్టినా పనికొస్తది అన్నారు. పన్నెండు వేల దాకా పెట్టగలను. గిటార్ కూడా వాయిస్తా. ఏది తీసుకోమంటావు?

తమ్ముడూ, ముందు ఆ ఎనిమిది చానెళ్ల సంగతి తేల్చేద్దాం. నువ్వు పాడతావు, గిటార్ వాయిస్తావు, అంటే ఒకేసారి లోపలికి పోయేవి రెండు. రెండే. పాట మొత్తం మీద నలభై ట్రాకులు (విడివిడిగా రికార్డు చేసిన ముక్కలు) ఉన్నా సరే, ఒకదాని తర్వాత ఒకటి రికార్డు చేసుకుంటూ పోతావు కాబట్టి ట్రాకుల లెక్కకీ ఇన్‌పుట్ల లెక్కకీ సంబంధమే లేదు, ఇక్కడే చాలామంది మోసపోతారు. పైగా పన్నెండు వేలకి ఎనిమిది చానెళ్లు అంటున్నారంటే అది ఇంటర్‌ఫేస్ అయ్యుండదు, యూఎస్‌బీ ఉన్న చిన్న మిక్సర్ అయ్యుంటది, దాని కథ కింద పాస్టర్ గారికి చెప్పాను, అది కూడా చదువు.

ఇక స్స్స్ సంగతి. వీ8 లాంటివి ఫోన్లో లైవ్‌లు పెట్టుకునేవాళ్ల కోసం చేసినవి, చప్పట్ల సౌండు, నవ్వుల సౌండు బటన్లు ఉంటాయి చూడు, అందుకే. కండెన్సర్ మైకు సరిగ్గా పనిచేయాలంటే దానికి మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ మీద 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందాలి. నీ సెట్టులో మైకు నుంచి వచ్చే కేబుల్ చివర 3.5 ఎంఎం పిన్ను ఉండి ఉంటది, దాని మీద వచ్చే కరెంటు 48 వోల్టుల దరిదాపుల్లో కూడా ఉండదు. మైకు నుంచి వచ్చే సిగ్నల్ చాలా సన్నగా ఉంటది, దాన్ని పెంచే ప్రీయాంప్ అనేది చౌకదైతే నీ గొంతుతో పాటు దాని సొంత సౌండు కూడా పెంచి పంపిస్తది. అదే ఆ స్స్స్. ఎడిటింగ్‌లో నాయిస్ రిమూవల్ వేసి తీసేస్తున్నా అని రాశావు, దాంతో గొంతు బావిలోంచి వచ్చినట్టు అయిపోతంది కదా, అది మానెయ్.

నీ డబ్బుకి సరిపోయేవి ఉన్నాయి. బెహ్రింగర్ యూఎంసీ 202 హెచ్‌డీ చూడు, రెండు మైకులు పెట్టుకోవచ్చు, 24 బిట్ (సౌండుని ఎంత సూక్ష్మంగా కొలుస్తదో చెప్పే లెక్క), సొంత ఏసియో డ్రైవర్ ఉంది, అదేంటో కింద ఒంగోలు జవాబులో చెప్పాను. అదే కంపెనీ యూఎం2 ఇంకా చౌకగా వస్తది గానీ అది 16 బిట్, ఒక్క మైకు ఇన్‌పుట్టే, డ్రైవర్ విషయంలో కూడా సర్దుకుపోవాల్సిందే, కాబట్టి నేరుగా పైదానికే పో. కాస్త ఎక్కువ పెట్టగలిగితే ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, ఆడియెంట్ ఈవో 4 లాంటివి. సోలోలో మైకుకి ఒకటి, గిటార్‌కి ఒకటి, నీ పనికి అతికినట్టు ఉంటది, కానీ రేపు ఇద్దరు కలిసి రెండు మైకుల్లో పాడాలంటే కుదరదు, అందుకని నన్నడిగితే టూ ఐ టూ, అంటే రెండు ఇన్, రెండు అవుట్ ఉన్న రకమే తీసుకోమంటా. ఈవో 4లో స్మార్ట్ గెయిన్ అని బటన్ ఉంది, నొక్కి ఓ చరణం పాడితే లెవెల్ అదే పెట్టుకుంటది. ధరలు నెలకోరకంగా ఉంటాయి కాబట్టి ఇక్కడ అంకెలు వేయట్లేదు.

కొనేముందు బాక్సు ముందు వైపు ఒకసారి చూడు. మధ్యలో పెద్ద రంధ్రం, చుట్టూ మూడు చిన్న రంధ్రాలు ఉన్న సాకెట్టు కనపడతది, దాన్ని కాంబో జాక్ అంటారు, మైకు కేబులూ దూరుతది, గిటార్ జాకూ దూరుతది. పక్కన 48వీ అని ఒక బటన్, ఇన్‌స్ట్ అనో హై-జీ అనో ఇంకో బటన్. గిటార్ పెట్టినప్పుడు ఆ రెండోది నొక్కాల, నొక్కకపోతే గిటార్ పల్చగా, ప్రాణం లేనట్టు వినపడతది. అప్పుడు గిటార్ పాడైందని ఎవరికో చూపించబాకు.

ఇంకోమాట, మైకు కూడా మార్చక తప్పదు. డబ్బు మొత్తం బాక్సు మీదే పోసి ఆ సెట్టు మైకునే తగిలిస్తే ఏం లాభం లేదు. షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకు (48 వోల్టులు అక్కర్లేని రకం) అయితే ఇంట్లో ఫ్యాను సౌండు, పక్కింటి మిక్సీ సౌండు తక్కువ పట్టుకుంటది, నీలాగా మామూలు గదిలో పాడేవాళ్లకి మంచిది. ఆ మైకుకి నకిలీలు తెగ తిరుగుతున్నాయి, సగం ధరకి వస్తుందంటే అనుమానించు, బిల్లూ వారంటీ కార్డూ లేకుండా తీసుకోబాకు.

పొదిలి దగ్గర నుంచి ఒక పాస్టర్ గారు: మా సంఘంలో యవ్వనస్తులు కొత్త పాటలు కట్టారు. కీబోర్డు, తబలా, డోలక్, ఇద్దరు లీడ్ సింగర్లు, కోరస్ ఆరుగురు. మా మిక్సర్‌కి యూఎస్‌బీ ఉంది, కంప్యూటర్‌కి పెట్టి రికార్డు చేస్తే అంతా ఒకే ముద్దగా వచ్చింది, తబలా తగ్గించాలన్నా కుదరటం లేదు. మిక్సర్ ఉండగా మళ్లీ ఇంటర్‌ఫేస్ కొనాలా? చందాల మీద నడిచే సంఘం అండీ, దండగ ఖర్చు పెట్టలేం.

పాస్టర్ గారూ, మీ మిక్సర్‌లో లోపం ఏమీ లేదు, దాని యూఎస్‌బీ పద్ధతే అంత. చిన్న అనలాగ్ మిక్సర్లలో ఎక్కువ శాతం అన్ని చానెళ్లనీ లోపలే కలిపేసి, ఆ కలిసిన ఎడమ కుడి రెండింటినే కంప్యూటర్‌కి పంపుతాయి. పన్నెండు ఫేడర్లు (సౌండు పెంచే, తగ్గించే జారుడు మీటలు) ఉన్నా కంప్యూటర్‌కి పోయేది రెండే. ఒకసారి కలిశాక తబలాని విడదీయడం ఎవరి తరమూ కాదు. ఇప్పుడు ఏఐ సాఫ్ట్‌వేర్లు విడదీస్తామంటున్నాయి, గొంతుని కొంతవరకు తీస్తాయి కూడా, కానీ తబలాని డోలక్‌ని వేరు చేయమంటే తడబడతాయి. కొనేటప్పుడు మల్టీట్రాక్ యూఎస్‌బీ (చానెళ్లని విడివిడిగా పంపేది) ఉందా, ఎన్ని ఇన్, ఎన్ని అవుట్ అని అడగాల్సింది అందుకే.

మీకు ఖర్చు తక్కువ దారి ముందు చెప్తా. అందరూ ఒకేసారి పాడి వాయించాలని రూలేం లేదు కదా. సినిమా పాటలు కూడా ఇప్పుడు ఎక్కువగా విడివిడిగానే రికార్డు అవుతున్నాయి. ముందు టక్ టక్ మని తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని కీబోర్డు, దాని మీద తబలా, తర్వాత డోలక్, తర్వాత లీడ్, చివరికి కోరస్‌ని ముగ్గురు ముగ్గురుగా రెండు మైకుల దగ్గర నిలబెట్టి రెండుసార్లు పాడిస్తే పన్నెండుమంది పాడినట్టు నిండుగా వస్తది. ఈ పనికి రెండు ఇన్‌పుట్ల బాక్సు సరిపోతుంది, తబలాకి కుడికి ఒక మైకు, ఎడమకి ఒక మైకు, అయిపోయింది.

ఒకటే చిక్కు. ఆరాధనలో కలిసి పాడే అలవాటున్న వాళ్లని హెడ్‌ఫోన్ పెట్టి ఒంటరిగా నిలబెడితే బిగుసుకుపోతారు, పాట చచ్చిపోతది. మీవాళ్లు అట్టాంటోళ్లయితే అందరినీ ఒకేసారి రికార్డు చేయడమే మేలు, అప్పుడు ఎనిమిది నిజమైన మైకు ఇన్‌పుట్లు కావాలి. బెహ్రింగర్ యూఎంసీ 1820లో ఎనిమిది ఉన్నాయి, ఫోకస్‌రైట్ ఎయిటీన్ ఐ ట్వంటీలో కూడా ఎనిమిదే. పేరులో పద్దెనిమిది ఉంది కదా అని పద్దెనిమిది మైకులు అనుకునేరు, ఎనిమిది మైకులు, ఆప్టికల్ కేబుల్ మీద ఏడాట్ పద్ధతిలో వచ్చే ఇంకో ఎనిమిది, ఎస్‌పీడీఐఎఫ్ అనే ఇంకో డిజిటల్ దారిలో వచ్చే రెండు, అన్నీ కలిపి లెక్క చెప్తారు. ఆ ఏడాట్ ఎనిమిదీ వాడాలంటే ఇంకో ప్రీయాంప్ పెట్టె విడిగా కొనాలి.

మీ సంఘానికి నాకు తోచింది ఇంకోటి ఉంది. మీ పాత మిక్సర్ ఎట్టాగూ ఇవాళో రేపో మార్చాల్సి వస్తే, బెహ్రింగర్ ఎక్స్‌ఆర్ 18 లాంటి డిజిటల్ మిక్సర్ చూడండి. పదహారు మైకు ప్రీయాంపులు, యూఎస్‌బీ మీద 18 చానెళ్లు విడివిడిగా కంప్యూటర్‌కి పోతాయి, ఆదివారం ట్యాబ్‌లో మిక్సింగ్ చేసుకోవచ్చు, సోమవారం అదే స్టూడియో. రెండు పనులకి ఒకే పెట్టె. కొనే ముందు సంఘంలో ట్యాబ్ పట్టుకుని నేర్చుకునే ఓపికున్న కుర్రోడు ఉన్నాడో లేదో చూసుకోండి, ఫేడర్లు చేత్తో తోయడం అలవాటైన పెద్దాయన ఆపరేటర్ అయితే ఆయనకి చిరాకు పుడతది.

కీబోర్డుకి మైకు అక్కర్లేదు, వెనకున్న అవుట్‌పుట్ నుంచి రెండు జాకులతో లైన్ ఇన్‌పుట్‌కి ఇవ్వండి. యూఎస్‌బీ టు హోస్ట్ అని పోర్టు ఉంటే మిడీ (సౌండు కాకుండా ఏ నోటు ఎప్పుడు నొక్కారన్న లెక్క) కూడా రికార్డు చేసి పెట్టుకోండి, తప్పు నోటు పడితే మళ్లీ వాయించకుండా మౌస్‌తో సరిచేసుకోవచ్చు.

ఒంగోలు నుంచి ఒకరు: నాలుగు నెలలైంది టూ ఐ టూ కొని. నాది విండోస్ ల్యాప్‌టాప్. పాడుతుంటే నా గొంతు నాకే కాస్త ఆలస్యంగా హెడ్‌ఫోన్లో వినపడతంది, తాళం తప్పిపోతున్నా. ఇంటర్‌ఫేస్ తప్పా, ల్యాప్‌టాప్ తప్పా? కొత్త ల్యాప్‌టాప్ కొనమని ఒకాయన, థండర్‌బోల్ట్ ఇంటర్‌ఫేస్ కొనమని ఇంకొకాయన.

ఇద్దరి మాటా వినబాకండి. సెట్టింగుల్లో తేలిపోయే పని ఇది, పైసా ఖర్చు లేదు.

గొంతు మైకులో పడి, అంకెలుగా మారి, యూఎస్‌బీ మీద కంప్యూటర్‌లోకి పోయి, సాఫ్ట్‌వేర్ లోంచి తిరిగొచ్చి, మళ్లీ సౌండుగా మారి మీ చెవిలో పడేదాకా పట్టే టైముని లేటెన్సీ అంటారు. ఇందులో మన చేతిలో ఉండేది బఫర్. ఒంగోలు బస్టాండు దగ్గర షేర్ ఆటో ఎట్టాగైతే నిండితేగానీ కదలదో, బఫర్ కూడా అంతే, చెప్పినన్ని శాంపిళ్లు (సెకనుకి వేలసార్లు తీసే సౌండు కొలతలు) నిండితేనే బయలుదేరుతది. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శాంపిళ్ల లెక్కన, 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 512 అయితే 10.7, 1024 అయితే 21 పైన. ఇది ఒకవైపుకే, పోనూ రానూ కలిపి, పైన సౌండుని అంకెలుగా మార్చే కన్వర్టర్లూ, బాక్సుని కంప్యూటర్‌తో మాట్లాడించే డ్రైవరూ తీసుకునే టైము కూడా వేసుకోండి. చిన్న బఫర్ పెడితే సౌండు తొందరగా వస్తది గానీ ప్రాసెసర్ ఊపిరి తీసుకోకుండా తిరగాలి, అందుకోలేకపోతే టప్ టప్ మని పగుళ్లు వినపడతాయి. అందుకని పాడేటప్పుడు 64 గానీ 128 గానీ, మిక్సింగ్ చేసేటప్పుడు 512 పైన, ఇట్టా మార్చుకుంటూ ఉండాలి, ఒకసారి పెట్టి వదిలేసేది కాదు.

సౌండు గాల్లో ఒక మిల్లీసెకనుకి దాదాపు 34 సెంటీమీటర్లు పోతది. అంటే పది మిల్లీసెకన్ల ఆలస్యం అంటే స్పీకర్ మీకు దాదాపు మూడున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టు. వాయించేవాళ్లు దాన్ని తట్టుకుంటారు, పాడేవాళ్లకే కష్టం, ఎందుకంటే సొంత గొంతు తలలో ముందే వినపడతంది కాబట్టి రెండూ కలిసి వింతగా ఉంటాయి.

మీరు విండోస్ అన్నారు. సాఫ్ట్‌వేర్ లో ఆడియో డివైస్ అని ఉన్నచోట ఏసియో సెలెక్ట్ చేశారా? చాలామంది డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయరు, ప్లగ్ పెట్టగానే సౌండు వస్తంది కదా అని ఊరుకుంటారు, విండోస్ తన మామూలు డ్రైవర్‌తో నడిపించేస్తది, దాంట్లో ఆలస్యం ఎక్కువ. ఏసియో అనేది స్టైన్‌బర్గ్ వాళ్లు 1997లో తెచ్చిన పద్ధతి, విండోస్ సౌండు సిస్టంని పక్కనపెట్టి సాఫ్ట్‌వేర్ నేరుగా హార్డ్‌వేర్‌తో మాట్లాడతది. కంపెనీ సైట్ నుంచి మీ మోడల్‌కే ఇచ్చిన డ్రైవర్ దించుకోండి. ఏసియో4ఆల్ అనేది సొంత డ్రైవర్ లేనోళ్లకి, మీకు అవసరం లేదు. మ్యాక్ వాళ్లకి ఈ తలనొప్పి లేదు, కోర్ ఆడియో అందులోనే ఉంటది.

అంతకన్నా సులువైంది మీ బాక్సు మీదే ఉంది, డైరెక్ట్ మానిటర్ బటన్. అది నొక్కితే మీ గొంతు కంప్యూటర్ దాకా పోకుండా బాక్సులోనే మళ్లి హెడ్‌ఫోన్‌కి వచ్చేస్తది, ఆలస్యం అనేది తెలియదు. అది నొక్కాక సాఫ్ట్‌వేర్ లో ట్రాకు మీదున్న మానిటర్ బటన్ ఆపేయాలి, లేకపోతే ఒక గొంతు వెంటనే, ఇంకోటి కాసేపాగి, రెండు గొంతులు వినపడతాయి, దాన్నే చాలామంది ఎకో అనుకుని బాక్సు రిటర్న్ ఇచ్చేస్తుంటారు. రివర్బ్ (పెద్ద హాల్లో పాడినట్టు మోగే ఎఫెక్ట్) లేకుండా పాడలేం అనేవాళ్లకి మాత్రం డైరెక్ట్ మానిటర్ పొడిపొడిగా అనిపిస్తది, వాళ్లు చిన్న బఫర్ దారిలోనే పోవాలి.

హెడ్‌ఫోన్ ఏది వాడుతున్నారో రాయలేదు. బ్లూటూత్ అయితే పైనవన్నీ చేసినా ఉపయోగం లేదు, దానిలోనే మామూలుగా వంద మిల్లీసెకన్ల పైన పోతది. వైరుదే పెట్టుకోండి, అదీ చెవి మొత్తం మూసేది, లేకపోతే ట్రాకు సౌండు బయటికొచ్చి మళ్లీ మైకులో పడతది.

థండర్‌బోల్ట్ అనేది యూఎస్‌బీ కన్నా వేగంగా నడిచే కనెక్షన్, ఆ గొడవ మీకొద్దు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చానెల్ ఒకటి సెకనుకి 1.15 మెగాబిట్లే, పద్దెనిమిది చానెళ్లు కలిపినా ఇరవై ఒక మెగాబిట్లు దాటదు, పాత యూఎస్‌బీ 2.0 దారి 480 మెగాబిట్లు. దారి ఇరుకై ఆలస్యం కావట్లేదు. యూఎస్‌బీ-సీ అని బాక్సు మీద రాసి ఉన్నంత మాత్రాన వేగం పెరగదు, చాలావాటికి సీ అనేది సాకెట్టు ఆకారమే, లోపల నడిచేది 2.0నే.

చీమకుర్తి నుంచి ఒకరు: కొత్త ఇల్లు కట్టుకున్నాం, మేడ మీద గది స్టూడియోకి వదిలా. కింద అంతా మన ఊరి బ్లాక్ గెలాక్సీ గ్రానైటే, గోడలకి కూడా సగం దాకా వేయించాం. రికార్డింగ్ అంతా గుహలో పాడినట్టు మోగతంది. 192 కిలోహెర్ట్జ్ ఇంటర్‌ఫేస్ పెడితే క్లారిటీ వస్తదా?

రాదు సార్. 192 కాదు గదా ఎంత పెట్టినా ఆ మోతనే ఇంకా వివరంగా రికార్డు చేస్తది.

దేశాలకి పంపే రాయి గోడలకి వేసుకున్నారు, చూడటానికి బ్రహ్మాండంగా ఉంటది, రికార్డింగ్‌కి మాత్రం అంతకన్నా శత్రువు లేదు. నున్నటి రాయి సౌండుని దాదాపు పీల్చుకోదు, వచ్చింది వచ్చినట్టు వెనక్కి కొడతది, ఎదురెదురు గోడలు రెండూ రాయే అయితే చప్పట్లు కొట్టి చూడండి, టర్ర్ మని వినపడతది. ఇంటర్‌ఫేస్‌కి అనుకున్న డబ్బుతో రాక్‌వూల్ గానీ గట్టి గ్లాస్‌వూల్ గానీ నాలుగంగుళాల మందంలో చెక్క ఫ్రేముల్లో బిగించి పైన గుడ్డ కప్పించి, మీరు పాడే చోటుకి వెనక, రెండు పక్కల, వీలైతే తల పైన కూడా పెట్టించండి. కోడిగుడ్డు అట్టలు అంటించొద్దు, అవి పనిచేస్తాయన్నది ఉత్త మాటే, పైగా అగ్గి పడితే ప్రమాదం. అంతదాకా ఓ పని చేయండి, నాలుగు మందపాటి బొంతలు పాడేవాళ్ల వెనకా పక్కలా తీగ మీద వేలాడదీసి, కింద జంపఖానా పరిచి, మైకుకి జానెడు దూరంలో పాడి వినండి, తేడా మీకే తెలుస్తది.

శాంపిల్ రేట్, అంటే సెకనుకి ఎన్ని వేల శాంపిళ్లు అన్న సంగతంటే, సీడీ 44.1, వీడియోకి 48. మనిషి చెవి పైకి 20 కిలోహెర్ట్జ్ దాకానే వింటది, దానికి ఆ రెండూ సరిపోతాయి. 192 పెడితే ఫైలు నాలుగింతలవుద్ది, ప్రాసెసర్‌కి బరువు, వినేవాళ్లకి తేడా ఉండదు. 24 బిట్ మాత్రం పెట్టండి. లెక్క ప్రకారం 16 బిట్‌కి 96 డీబీ, 24 బిట్‌కి 144 డీబీ రేంజి (అతి సన్నటి సౌండుకీ అతి గట్టిదానికీ మధ్య ఎడం), అంటే లెవెల్ ఎర్రలైటు దాకా తోయకుండా, గట్టిగా పాడిన చోట కూడా మీటర్ మీద మైనస్ 10, మైనస్ 12 దగ్గర ఉండేట్టు హాయిగా వదిలేయొచ్చు. ఎర్రలైటు వెలిగిన చోట గొంతు చీలిపోతది, అది తర్వాత బాగు చేయలేం.

నెల్లూరు, దర్గామిట్ట నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ గారు: తెలుగు పద్యాలు చదివి, అర్థం చెప్పి మనవళ్ల కోసం రికార్డు చేస్తున్నాను. అమెరికాలో ఉన్న అబ్బాయి ఇంటర్‌ఫేస్, స్టాండు, పెద్ద మైకు అన్నీ పంపిస్తానంటున్నాడు. నాకు అన్ని వైర్లు భయం. ఇవన్నీ కావాలా నాయనా?

అక్కర్లేదమ్మా. మీ ఒక్కరి మాటకి యూఎస్‌బీ మైకు చాలు, ఇంటర్‌ఫేస్ దానిలోపలే ఉంటది, ఒకటే వైరు. హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం మైకు మీదే ఉన్నది చూసి పంపమనండి. రెండో మనిషి కూడా మాట్లాడాల్సి వస్తే మాత్రం చిక్కు, రెండు యూఎస్‌బీ మైకులు ఒక కంప్యూటర్‌కి కలిపి నడపడం గోల. మీ అబ్బాయి ఎట్టాగూ పంపుతానంటున్నాడు కాబట్టి యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉన్న మైకు పంపమంటే రేపటికీ పనికొస్తది. పద్యం చదివేటప్పుడు మైకుకి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి తిరిగి చదవండి, ప, బ, భ దగ్గర గాలి కొట్టుకోదు.

బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒకరు: స్పీకర్లలో ఎప్పుడూ గుయ్ మని సౌండు. ఇంటర్‌ఫేస్ మార్చి చూశా, పోలేదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు ఇంకా ఎక్కువవుతంది. ఒకాయన ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమన్నాడు, తీస్తే పోయింది. అట్టా వాడొచ్చా?

వాడొద్దు, ఈరోజే మళ్లీ పెట్టించండి. ఎర్త్ పిన్ను ఉన్నది షాక్ కొడితే ప్రాణం పోకుండా. మైకు పెదాలకి ఆనించి పాడేవాళ్లు, చేతుల్లో ఇనుప తీగల గిటార్ ఉన్నవాళ్లు ఆ పని అస్సలు చేయకూడదు.

పిన్ను తీస్తే సౌండు పోయిందంటే మీది గ్రౌండ్ లూప్ అని తేలిపోయింది. ల్యాప్‌టాప్ ఒక ప్లగ్గులో, స్పీకర్లు గోడకి అవతల ఇంకో ప్లగ్గులో ఉంటే రెండు ఎర్తుల మధ్య చిన్న తేడా వచ్చి, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, అదే గుయ్ మని వినపడతది. అన్నింటినీ ఒకే స్విచ్‌బోర్డు నుంచి, ఒకే మంచి ఎక్స్‌టెన్షన్ నుంచి ఇచ్చి చూడండి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి, అప్పుడు పోతే దోషం చార్జర్ వైపు ఉన్నట్టు. ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్లకి మామూలు మోనో జాకు వైర్లు కాకుండా రెండు నల్ల గీతలున్న టీఆర్‌ఎస్ జాకుల బ్యాలెన్స్‌డ్ కేబుల్ వేయండి, చాలాసార్లు దీంతోనే సగం పోతది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇంటి ఎర్తింగ్ కూడా చూపించండి, పాత ఇళ్లల్లో మూడో రంధ్రం ఉంటది గానీ దానికి వైరే ఉండదు.

ఇన్వర్టర్ మీద ఎక్కువవుతుందంటే అది స్క్వేర్ వేవ్ రకం అయ్యుంటది. ఫ్యాన్లు కూడా బర్రుమని తిరుగుతుంటే అదే. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ బాధ ఉండదు, అది మార్చేదాకా కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద, యూఎస్‌బీ నుంచే పవర్ తీసుకునే ఇంటర్‌ఫేస్‌తో, హెడ్‌ఫోన్ పెట్టుకుని రికార్డు చేసుకోండి. ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు యూఎస్‌బీ పవర్‌తో నడుస్తుందా, అడాప్టర్ కావాలా అని అడగమనేది ఇందుకే. ఎనిమిది మైకులవి దాదాపు అన్నీ అడాప్టర్‌వే.

ఉదయగిరి నుంచి: చెన్నైలో మా బావ దగ్గర పాత ఫైర్‌వైర్ ఇంటర్‌ఫేస్ ఉంది, అప్పట్లో లక్ష పెట్టి కొన్నాడంట, నాకు ఐదు వేలకి ఇస్తానంటున్నాడు. తీసుకోనా?

బావ మీద గౌరవం ఉంచుకుని వద్దని చెప్పండి. ఫైర్‌వైర్ అనేది యూఎస్‌బీ లాంటి పాతకాలం కనెక్షన్, ఇప్పుడు అమ్మే ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్టే లేదు, అడాప్టర్ల మీద అడాప్టర్లు వేసినా కొత్త విండోస్‌కి ఆ పాత మోడళ్ల డ్రైవర్లు చాలావాటికి రావు. లోపల ప్రీయాంపులు ఈనాటి వాటికన్నా మంచివి కావచ్చు, కానీ డ్రైవర్ లేకపోతే అది ఇనప పెట్టే. దానికే సరిపడే పాత కంప్యూటర్ కూడా కలిపి ఇస్తే, ఇంటర్నెట్ పెట్టకుండా రికార్డింగ్‌కి మాత్రమే వాడుకుంటానంటే అప్పుడు ఆలోచించొచ్చు.

కొత్తపట్నం నుంచి ఒక చెల్లెలు: కంప్యూటర్ లేదు, ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది. ఇంటర్‌ఫేస్ ఫోన్‌కి పనిచేస్తదా అన్నా? మాది సముద్రం పక్కనే, మైకులు పాడవుతాయని కూడా అంటున్నారు.

పనిచేస్తది చెల్లెమ్మా, క్లాస్ కంప్లయింట్ అని రాసి ఉన్నది తీసుకో, అంటే వేరే డ్రైవర్ అడగదు అని. ఓటీజీ కేబుల్ (ఫోన్‌కి యూఎస్‌బీ వస్తువులు తగిలించే చిన్న వైరు) తో ఫోన్‌కి పెట్టొచ్చు. ఫోన్ ఇచ్చే పవర్ చాలక 48 వోల్టులు నొక్కగానే బాక్సు ఆరిపోవడం మామూలే, అట్టా అయితే పవర్ విడిగా ఇచ్చే యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టుకోవాలి, లేదా డైనమిక్ మైకు వాడితే 48 వోల్టుల అవసరమే ఉండదు. ఫోన్లో మామూలు కెమెరా యాప్ కొన్నిసార్లు బయటి మైకుని పట్టించుకోదు, ఎక్స్‌టర్నల్ మైక్ సెలెక్ట్ చేసుకునే యాప్‌తోనే రికార్డు చెయ్. షాపులో నీ ఫోన్ తీసుకెళ్లి తగిలించి చూశాకే డబ్బులివ్వు, ఫోన్‌కీ ఫోన్‌కీ తేడా ఉంటది.

సముద్రం గాలి సంగతి నిజమే. కండెన్సర్ మైకుల లోపలుండే పల్చటి పొర మీద తేమ పడితే కరకరమని సౌండ్లు వస్తాయి, జాకుల మీద ఉప్పు పట్టి కనెక్షన్ కూడా లూజవుతది. పని అయ్యాక మైకుని స్టాండు మీద వదిలేయకుండా మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో పెట్టు, బూట్ల డబ్బాల్లో వచ్చేవి రెండు మూడు చాలవు, కాస్త పెద్ద ప్యాకెట్లు కొను, రంగు మారేవైతే ఎప్పుడు మార్చాలో తెలుస్తది. ఇంటర్‌ఫేస్ మీద గుడ్డ కప్పు, వారానికోసారన్నా ఆన్ చేసి కాసేపు నడుపు. డైనమిక్ మైకులు ఈ గాలికి ఎక్కువ తట్టుకుంటాయి, మీ ఊరికి ముందు అదే కొను.